టోపీ మీద తెలుగు అక్షరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

క్యాపుల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీతో పేర్లు కుట్టేవాళ్ల నుంచి ఈసారి తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబు ఇస్తున్నాం. కింద చెప్పిన కొలతలు 40 నంబరు దారానికి, క్యాప్ డ్రైవర్ (టోపీ ఫ్రేముని పట్టుకుని తిప్పే భాగం) ఉన్న మెషీన్‌కి వర్తిస్తాయి. వేరే దారం, వేరే మెషీన్ అయితే అక్కడే చెప్పాం.

ప్రశ్న: ఇంగ్లీషు పేర్లు శుభ్రంగా వస్తున్నాయి. అదే మెషీన్ మీద ‘శ్రీ వేంకటేశ్వర’ అని కుడితే ‘శ్వ’ కింద ఒత్తు ముద్ద అయిపోతోంది, ‘శ్రీ’లో క్రావడి కనపడటం లేదు. దారం మార్చాం, సూది మార్చాం, స్పీడు తగ్గించాం. ఫలితం లేదు. (తిరుపతి)

జవాబు: దారంలోనూ సూదిలోనూ తప్పు లేదు. అక్షరం కొలతలోనే ఉంది. ముందు చోటెంత ఉందో చూడండి. మామూలు గట్టి క్యాపుకి ముందువైపు అట్ట (ఎండకు అడ్డుగా ముందుకు వచ్చే భాగం) కుట్టు నుంచి 12 మి.మీ. వదిలి పైకి వెళ్తే, కుట్టడానికి దొరికే ఎత్తు దాదాపు 55 మి.మీ. తక్కువ ఎత్తు క్యాపుకి 45 నుంచి 50. ఎదురుగా నిలబడి చదివేవాళ్లకు అక్షరాలన్నీ కనపడాలంటే వెడల్పు 110 మి.మీ. దాటకూడదు.

ఇంగ్లీషు పెద్దక్షరం 20 మి.మీ. అంటే మొత్తం ఎత్తు 20 మి.మీ. మాత్రమే. తెలుగులో అలా కాదు. అక్షరం ఒళ్లు 12 మి.మీ. ఉంటే, పైన గుడికీ ఏత్వానికీ ఓ 6, కింద ఒత్తుకి ఓ 7 కలుపుకోవాలి. అంటే ఒక వరుసకే 25 మి.మీ. మీ పేరు మొత్తం 110 మి.మీ. వెడల్పులో పట్టాలంటే అక్షరం ఒళ్లు 11, 12 మి.మీ. దగ్గరే ఆగుతుంది. ఆ కొలతలో ఫాంటు ఇచ్చే ఒత్తు గీత మందం 0.7 మి.మీ. కూడా ఉండదు. సాటిన్ కుట్టుకి (గీత ఒక అంచు నుంచి మరో అంచుకి అటూ ఇటూ పోయే నిండు కుట్టు) కనీసం 1 మి.మీ. వెడల్పు కావాలి. అంతకన్నా సన్నగా ఉంటే సూది అటూ ఇటూ దాదాపు ఒకే చోట దిగుతుంది. దారం కుప్ప పడుతుంది, బట్ట చిల్లు పడుతుంది. మీకు జరుగుతున్నది ఇదే.

చెయ్యాల్సింది ఇది. ఫాంటు ఇచ్చిన ఒత్తుని ఉన్నదున్నట్టు వాడకండి. ఒత్తులను విడిగా పట్టుకుని పావు వంతు నుంచి మూడో వంతు వరకు పెద్దవి చేయండి, గీత మందం 1.1 మి.మీ.కి తీసుకురండి. ఒత్తుకీ పై అక్షరానికీ మధ్య కనీసం 1 మి.మీ. ఖాళీ ఉంచండి. అచ్చులో చూస్తే ఒత్తు కాస్త ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. టోపీ మీద కుట్టాక సరిగ్గా కుదురుతుంది.

ఫాంటు ఎంపిక కూడా ముఖ్యం. ఒక చోట లావు, ఒక చోట సన్నం ఉండే కలం రాత ఫాంట్లు టోపీకి పనికిరావు. గీత మందం అంతటా ఒకేలా ఉండి, కొసలు గుండ్రంగా ఉండే రామభద్ర లాంటి ఫాంటు తీసుకోండి. అయితే దాని గీత లావు కాబట్టి 10 మి.మీ. కన్నా చిన్న అక్షరాల్లో లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. అప్పుడు సన్నని సమగీత ఫాంటు మేలు.

తెలుగులో లోపలి ఖాళీయే అక్షరాన్ని నిలబెడుతుంది. ‘థ’ పొట్టలో చుక్క పోతే ‘ధ’ అయిపోతుంది. ‘ష’ లోపలి మెలిక నిండిపోతే ‘ప’ అని చదువుతారు. ఊరి పేరో దేవుడి పేరో తప్పుగా చదివే పరిస్థితి రాకూడదు కదా. ఖాళీ ఏదైనా 1 మి.మీ. కన్నా తక్కువ ఉంచకండి. చుక్క అయితే 1.2 మి.మీ. వెడల్పు, కింద అండర్‌లే (పైకుట్టు కన్నా ముందు వేసే ఆధార కుట్టు) లేకుండా.

ఇక సాంద్రత, అంటే గీతకి ఒకే అంచున పక్కపక్కన పడే పోట్ల మధ్య దూరం. పెద్ద అక్షరాలకు 0.40 మి.మీ. సరే. 12 మి.మీ. లోపు అక్షరాలకు, ఒత్తులకు 0.45 పెట్టండి. మెలికల దగ్గర లోపలి అంచున సూది పోట్లు గుమిగూడతాయి కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ‘షార్ట్ స్టిచ్’ తప్పకుండా ఆన్ చేయండి. అది లోపలి అంచున కొన్ని కుట్లను మధ్యలోనే ఆపేస్తుంది. ఒళ్లంతా మెలికలే ఉండే మన లిపికి ఇది లేకుండా పంచింగ్ (అక్షరాన్ని మెషీన్ కుట్టే ఫైలుగా మార్చడం) చేయకూడదని మా గట్టి అభిప్రాయం.

అప్పటికీ ఒత్తు మరీ చిన్నదే అయితే సాటిన్ వదిలేసి ట్రిపుల్ రన్ కుట్టుతో (ఒకే గీత మీద మూడుసార్లు పోయే వరుస కుట్టు), 1.5 నుంచి 2 మి.మీ. కుట్టు పొడవుతో గీయండి. లేదా ఒత్తుల వరకు 60 నంబరు సన్న దారం, 65/9 సూది వాడండి. 60 నంబరు దారాన్ని 75/11 సూదిలో ఎక్కిస్తే ప్రయోజనం సగం పోతుంది, ఎందుకంటే చిల్లు పెద్దదే పడుతుంది.

ప్రశ్న: ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తు అక్షరం కింద కాకుండా పక్కన పడుతోంది. (శ్రీకాళహస్తి)

జవాబు: చాలా ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్లకు మన ఒత్తులను కలపడం రాదు. అక్కడ టైపు చేయకండి. ఇంక్‌స్కేప్‌లోనో కోరెల్‌డ్రాలోనో యూనికోడ్ ఫాంటుతో టైపు చేసి, స్పెల్లింగు ఖాతాదారుడికి చూపించి ఒప్పించి, ఆ తర్వాత దాన్ని కర్వులుగా (ఫాంటు అవసరం లేని గీతలుగా) మార్చి పంచింగ్‌కి తీసుకెళ్లండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన పాత ఫైలు ఇస్తే అదీ కర్వులుగా మార్చే తెచ్చుకోండి. లేకపోతే మీ కంప్యూటర్‌లో గజిబిజి అక్షరాలు వస్తాయి. డబ్బు పెట్టలేనివాళ్లకు ఇంక్‌స్కేప్‌లో పనిచేసే ఇంక్‌స్టిచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మెషీన్లు చదివే డీఎస్‌టీ, పీఈఎస్ ఫైళ్లు రెండూ ఇస్తుంది.

ఆటో పంచింగ్ బటన్ మాత్రం నొక్కకండి. అది గీత ఎటు తిరుగుతోందో చూడదు, రంగు ఉన్న చోటంతా ఒకే దిక్కుగా నింపేస్తుంది. అక్షరంలో గీత తిరిగిన ప్రతిచోటా కుట్టు దిక్కు కూడా దానికి అడ్డంగా తిరగాలి. ఆ గీతలను చేత్తో పెట్టుకోవాల్సిందే.

ప్రశ్న: మధ్య అక్షరాలు బాగుంటాయి, చివరికి వచ్చేసరికి అక్షరం ఒక పక్కకి జరుగుతోంది. చుట్టూ వేసిన అవుట్‌లైన్ అక్షరం మీద కాక పక్కన పడుతోంది. (పుత్తూరు)

జవాబు: ఫ్లాట్ బట్టకి చేసిన ఫైలునే టోపీకి వాడుతున్నట్టున్నారు. ఫ్లాట్ పనిలో ఎడమ నుంచి కుడికి వరుసగా కుట్టినా నడుస్తుంది. టోపీ ఫ్రేములో గుండ్రంగా వంగి ఉంటుంది, కింద అట్ట దగ్గర మాత్రమే గట్టిగా పట్టు ఉంటుంది. కుట్టేకొద్దీ బట్ట సూది ముందు తోసుకుంటూ పోతుంది. ఎడమ చివర మొదలుపెడితే ఆ తోసుకొచ్చిన బట్టంతా కుడి చివర అలగా పోగవుతుంది. అవుట్‌లైన్ అన్నీ అయ్యాక చివర్లో వేస్తే, అప్పటికి అక్షరం తన చోటు వదిలి ఉంటుంది.

టోపీకి నియమం: మధ్య నుంచి బయటికి, కింద నుంచి పైకి. మధ్య అక్షరం మొదట కుట్టాలి. అక్కడి నుంచి కుడి చివరి దాకా వెళ్లి, మళ్లీ మధ్యకు వచ్చి ఎడమ చివరి దాకా వెళ్లాలి. తెలుగులో దీనికి ఒక మెట్టు కలుస్తుంది. ఒక్కో అక్షరంలో కూడా ముందు ఒత్తు, తర్వాత ఒళ్లు, చివర తలకట్టు లేదా గుడి. ఒత్తులన్నీ ఆఖర్న కుడదామని వదిలేస్తే అక్షరం కింద బట్ట అప్పటికే కిందికి తోసుకొచ్చి ఉబ్బి ఉంటుంది, ఒత్తు అక్షరానికి తగులుకుంటుంది.

ప్రతి అక్షరానికీ దాని అండర్‌లే, దాని పైకుట్టు, దాని అవుట్‌లైన్ అక్కడికక్కడే పూర్తి చేసి తర్వాతి అక్షరానికి కదలాలి. రెండు రంగులైతే దారం మార్పులు ఎక్కువవుతాయి, సమయం పెరుగుతుంది. అందుకే టోపీకి అవుట్‌లైన్ లేని డిజైన్ ఇవ్వమనే మేం సలహా ఇస్తాం. అండర్‌లే 2 మి.మీ. లోపు గీతకు మధ్య రన్ (గీత నడుమ వేసే ఒంటి వరుస కుట్టు) ఒక్కటి చాలు. అంతకన్నా వెడల్పైతే అంచు రన్, 3 మి.మీ. దాటితే దాని మీద జిగ్‌జాగ్ కూడా. పుల్ కాంపెన్సేషన్ (కుట్టు లాగి గీత సన్నబడకుండా ముందే కలిపే అదనపు వెడల్పు) ఫ్లాట్‌కి 0.2 పెట్టేవాళ్లు టోపీకి 0.3 నుంచి 0.4 మి.మీ. పెట్టాలి.

ఫైలు సరిగ్గా ఉన్నా ఇంకా జరుగుతుంటే తప్పు ఫ్రేములో ఉంది. కింది జవాబు చూడండి.

ప్రశ్న: క్యాప్ ఫ్రేముకి ఎక్కించే సరైన పద్ధతి ఏమిటి? మా దగ్గర ఒక్కొక్కరు ఒక్కోలా ఎక్కిస్తున్నారు. నాలుగు టోపీల్లో ఒకటి వంకరగా వస్తోంది. (చిత్తూరు)

జవాబు: అందరికీ ఒకే పద్ధతి నేర్పండి, వంకర చాలావరకు అక్కడే పోతుంది.

టోపీ వెనక పట్టీ విప్పండి. లోపలి చెమట పట్టీని పూర్తిగా బయటికి తిరగేయండి. ఇది సగం మడతపడి లోపల ఉండిపోతే దాని మీద కూడా కుట్టు పడుతుంది. టోపీ లోపల 10 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. పొడవు ఉన్న చింపితే ఊడొచ్చే పేపరు ముక్క పెట్టండి. గట్టి క్యాపుకి మందంగా ఉన్న ఒక పొర, బక్రం (ముందు భాగాన్ని నిలబెట్టే గట్టి గుడ్డ) లేని మెత్తటి క్యాపుకి రెండు పొరలు.

స్టాండుకి బిగించిన ఫ్రేము మీద టోపీ తొడిగి, చెమట పట్టీని ఫ్రేము నాలుక కిందికి దూర్చండి. టోపీ మధ్య కుట్టు ఫ్రేము మీది గుర్తుకి సరిగ్గా ఎదురుగా రావాలి. అట్ట మధ్యను చూసి పెట్టకండి. చౌక క్యాపుల్లో అట్ట మధ్యా, మధ్య కుట్టూ ఒకదానికొకటి 2, 3 మి.మీ. తేడాగా ఉంటాయి. కళ్లు చదివేది కుట్టుని బట్టే.

ఇప్పుడు ఫ్రేము ఇనుప పట్టీని పైకి తెచ్చి బిగించాలి. పట్టీ పళ్లు అట్టా టోపీ కలిసే గాడిలోనే కూర్చోవాలి. గాడికి పైన కూర్చుంటే మొదటి వరుస కుట్టేటప్పుడే టోపీ జారుతుంది. వేలితో సులువుగా పడిపోయే లాక్ వదులుగా ఉన్నట్టు. స్క్రూ కొంచెం బిగించండి. తర్వాత రెండు చేతులతో మధ్య నుంచి పక్కలకు బట్టను సవరించి, వెనక భాగాన్ని రెండు వైపులా సమానంగా కిందికి లాగి క్లిప్పులు పెట్టండి. ఒక వైపు ఎక్కువ లాగితే అక్షరాలు ఆ వైపు దిగిపోతాయి. మీకు వచ్చే వంకరకు ఎక్కువసార్లు కారణం ఇదే.

డ్రైవర్‌కి ఎక్కించాక బొటనవేలితో ముందు భాగం నొక్కి చూడండి. లోపలికి పోయి టక్కున తిరిగొస్తే గాలి ఉంది. మళ్లీ ఎక్కించండి. స్క్రీను మీద క్యాప్ మోడ్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే అక్షరాలు తలకిందులుగా పడతాయి. ట్రేస్ (కుట్టకుండా డిజైన్ అంచుల చుట్టూ ఫ్రేముని తిప్పి చూడటం) చేయకుండా స్టార్ట్ నొక్కకండి. సూది ఇనుప పట్టీని కొడితే సూదితో పోదు, కింద దారం లూపుని పట్టుకునే హుక్కు కూడా దెబ్బతింటుంది.

ప్రశ్న: మధ్య కుట్టు దగ్గరకు రాగానే సూది విరుగుతోంది, లేదా కింద దారం గూడు కడుతోంది. (తిరుపతి, చిత్తూరు, నగరి నుంచి వచ్చిన ఉత్తరాలు)

జవాబు: రెండిటికీ వేరు వేరు కారణాలు లేవు. మధ్య కుట్టు దగ్గర రెండు ప్యానెళ్ల మడతలు, బక్రం, లోపలి టేపు అన్నీ ఒకదానిమీద ఒకటి ఉంటాయి. సూది ఆ గట్టు ఏటవాలు మీద దిగి పక్కకు వంగుతుంది. సూది దిగే చిల్లు ఉన్న నీడిల్ ప్లేటుకి తగిలితే విరుగుతుంది. టోపీ ప్లేటుకి ఆనకుండా గాలిలో ఉంటే సూదితోపాటు టోపీ కూడా పైకీ కిందికీ ఎగురుతుంది. అప్పుడు దారం లూపు హుక్కుకి దొరకదు. కుట్టు తప్పుతుంది, దారం తెగుతుంది, లేదా కింద గూడు కడుతుంది.

మొదట ఫ్రేము బిగుతు చూడండి. తర్వాత ప్రెస్సర్ ఫుట్ కిందికి వచ్చినప్పుడు బట్టను తాకీ తాకనట్టు ఉండాలి, అంతకన్నా పైన ఉంటే దించండి. సూది 75/11 షార్ప్ మొన. మరీ గట్టి బక్రానికి 80/12. బాల్ పాయింట్ సూది టోపీకి వద్దు. స్పీడు నిమిషానికి 550 నుంచి 650 కుట్లు. ఫ్లాట్‌కి 900 మీద నడిపే మెషీన్ అయినా సరే. మధ్య కుట్టు మరీ గట్టిగా ఉంటే ఎక్కించే ముందు ఆవిరి పట్టి, అది మెత్తబడగానే చదునుగా నొక్కండి.

పంచింగ్‌లోనూ జాగ్రత్త కావాలి. సన్నని నిలువు గీత సరిగ్గా కుట్టు గాడి మీద పడకూడదు, గాడిలోకి మునిగిపోతుంది. అక్షరాల సంఖ్య సరి అయితే మధ్య ఖాళీ కుట్టు మీదికి వస్తుంది, మంచిదే. బేసి అయితే మధ్య అక్షరానికి అంచు రన్‌తోపాటు జిగ్‌జాగ్ అండర్‌లే కూడా ఇవ్వండి. ఐదు ప్యానెళ్ల క్యాపుకి ముందు మధ్య కుట్టు ఉండదు. చిన్న అక్షరాల ఆర్డరుకి ఆ రకం తెప్పించమని ఖాతాదారుడికి ముందే చెప్పండి.

ప్రశ్న: తలనీలాలు ఇచ్చిన భక్తులు కొనే పల్చటి కాటన్ టోపీల మీద ‘గోవిందా’ అని కుట్టి ఇస్తున్నాం. లోపల గుచ్చుకుంటోందని తిరిగి తెస్తున్నారు. (తిరుపతి)

జవాబు: అప్పుడే గుండు చేయించుకున్న తలకు వెంట్రుకల అడ్డు ఉండదు. బాబిన్ (కింది దారం) ముడులూ కత్తిరించిన దారం కొసలూ నేరుగా చర్మానికి తగులుతాయి. క్షౌరం గాట్లు ఉంటే మరీ మంట. ఈ టోపీకి లోపలివైపు పనే ముఖ్యం.

పల్చటి బట్టకి ఎక్కువ కుట్లు వేయకండి. సాంద్రత 0.45, అండర్‌లే ఒక్క రన్. అక్షరం ఒళ్లు 18 నుంచి 20 మి.మీ. గీత 3 మి.మీ. చాలు. ఒక అక్షరం నుంచి మరొక అక్షరానికి 2 మి.మీ. లోపు దూరమైతే ట్రిమ్ (మెషీన్‌తో దారం కత్తిరింపు) చేయించకండి. ఒక్కో ట్రిమ్‌కి రెండు ముడులు, రెండు కొసలు మిగులుతాయి. పేపరు చింపేటప్పుడు కుట్టుని బొటనవేలితో అదిమిపట్టి, ఒక్కో పొరా విడిగా చింపండి. కొసలు 2 మి.మీ. లోపు కత్తిరించండి. తర్వాత వెనకవైపు ఇస్త్రీతో అంటుకునే మెత్తటి జాలీ బట్ట ముక్కను, డిజైన్ కన్నా చుట్టూ 1 సెం.మీ. పెద్దదిగా, మూలలు గుండ్రంగా కత్తిరించి అతికించండి. పిల్లల బట్టల ఎంబ్రాయిడరీ వెనక వేసేది అదే. దీన్ని వదిలేసి ధర తగ్గించే కన్నా, వేసి ఆ ఖర్చు ధరలో కలపడమే న్యాయం.

దారం పాలిస్టరే వాడండి. గుండు మీద చందనం పూసుకుంటారు, చెమట పడుతుంది, ఊరికి వెళ్లాక గట్టిగా ఉతుకుతారు. విస్కోస్ దారానికి మెరుపు ఎక్కువే కానీ తడిస్తే బలం తగ్గుతుంది, బ్లీచింగ్‌కి రంగు పోతుంది.

ప్రశ్న: నాది ఇంట్లో వాడే చిన్న ఎంబ్రాయిడరీ మెషీన్, క్యాప్ డ్రైవర్ లేదు. క్యాప్ ఆర్డర్లు తీసుకోవచ్చా? (పలమనేరు)

జవాబు: కుట్టేసిన గట్టి క్యాపుని ఫ్లాట్ ఫ్రేములో బిగించే ప్రయత్నం చేయకండి. బక్రం విరుగుతుంది, అక్షరం కింది వరుస వంకర పోతుంది. మీకు బ్యాడ్జి పద్ధతి సరిపోతుంది. గట్టి ట్విల్ బట్ట మీద ఫ్లాట్‌గా పేరు కుట్టి, చుట్టూ 3 మి.మీ. సాటిన్ అంచు వేసి కత్తిరించి, దాన్ని టోపీకి అతికించి చుట్టూ కుట్టాలి. బ్యాడ్జి ఎత్తు 50 మి.మీ., వెడల్పు 90 దాటనీయకండి. అంతకన్నా పెద్దదైతే టోపీ వంపు మీద అంచులు లేస్తాయి. పైగా అక్షరం తప్పు పడినా పోయేది గుడ్డ ముక్కే, టోపీ కాదు.

ప్రశ్న: ఫోమ్ పెట్టి ఉబ్బెత్తు తెలుగు అక్షరాలు వస్తాయా? (చిత్తూరు)

జవాబు: ఒత్తులు, సున్నాలు లేని పొట్టి పేర్లకు వస్తాయి. 3 మి.మీ. ఫోమ్‌కి గీత వెడల్పు కనీసం 4 మి.మీ. కావాలి. సాంద్రత 0.18 నుంచి 0.20, అంటే మామూలుకి రెట్టింపు కుట్లు. ప్రతి గీత కొసనూ అడ్డకుట్టుతో మూయాలి, లేకపోతే ఫోమ్ బయటికి కనపడుతుంది. మెలికల లోపల చిక్కిన ఫోమ్ చింపితే రాదు. ఫోమ్ రంగు దారం రంగే ఉండాలి. కుట్టాక మిగిలిన పోగుల మీద హీట్ గన్ దూరం నుంచి ఒకసారి తిప్పండి. ఒత్తులున్న పేరైతే ఒళ్లు ఉబ్బెత్తుగా, ఒత్తు మామూలు సాటిన్‌లో వేయవచ్చు. కానీ అప్పుడు ఒత్తు ముందు అన్న నియమం పాటించి, ఫోమ్‌ని ఒత్తు మీద పడకుండా కత్తిరించి పెట్టాలి.

ప్రశ్న: మధ్యలో కరెంటు పోతే ఆ టోపీ పారేయాల్సిందేనా? (కుప్పం)

జవాబు: అక్కర్లేదు. ఫ్రేముని చేత్తో కదపకుండా ఉంచండి. కరెంటు వచ్చాక మెషీన్ ఆగిన చోటు చూపిస్తుంది. పది కుట్లు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడితే అతుకు కనపడదు. ఫ్రేము కదిలిందని అనుమానం ఉంటే, అయిపోయిన అక్షరం అంచున సూదిని దించి సరిగ్గా అదే చిల్లులో పడుతుందో లేదో చూసుకుని నడపండి.

ప్రశ్న: వంద టోపీల ఆర్డరు ఒక హెడ్ మెషీన్ మీద ఎన్ని గంటలు పడుతుంది? సరుకు ఎంత తెచ్చుకోవాలి? (తిరుపతి)

జవాబు: 0.40 సాంద్రతలో 1 మి.మీ. గీత నిడివికి 5 కుట్లు పడతాయి. 20 మి.మీ. తెలుగు అక్షరం గీత నిడివి దాదాపు 100 మి.మీ. అనుకుంటే 500 కుట్లు, అండర్‌లేతో 600. ఐదు అక్షరాల పేరుకి 3,000. నిమిషానికి 600 చొప్పున 5 నిమిషాలు. టోపీ తీసి పెట్టడానికీ ట్రిమ్‌లకీ నిమిషంన్నర. వందకి 650 నిమిషాలు, అంటే 11 గంటలు. ఇది రెండు క్యాప్ ఫ్రేములు ఉండి, ఒకటి కుడుతుండగా రెండోది ఎక్కించి పెట్టుకునే లెక్క. ఒకటే ఫ్రేము ఉంటే టోపీకి మరో రెండు నిమిషాలు కలుపుకోండి.

పైదారం 1,000 కుట్లకు 5, 6 మీటర్లు పడుతుంది. 3 లక్షల కుట్లకు 1,800 మీటర్లు దగ్గర పెట్టుకోండి. ఎల్ సైజు బాబిన్ ఒకటి సుమారు 25,000 కుట్లకు వస్తుంది, 12 బాబిన్లు. బాబిన్ మార్చిన ప్రతిసారీ మొదటి టోపీ వెనక తిప్పి చూడండి. సాటిన్ గీత మధ్యలో మూడో వంతు బాబిన్ దారం, అటూ ఇటూ పైదారం కనపడాలి. సూది ఎనిమిది గంటలకు ఒకసారి మార్చండి. టోపీలు వందకి నాలుగైదు అదనంగా తీసుకోండి. అదే రంగు, అదే కంపెనీ టోపీ మర్నాడు దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. మొదటి టోపీ కుట్టగానే ఫోటో తీసి ఖాతాదారుడికి పంపి, ఒత్తులతో సహా చదివి సరే అన్నాకే రెండోది ఎక్కించండి.